కెమెరాకి కనపడని నీలం

ఏదీ, ఆ పుస్తకం ఇటివ్వు. లైబ్రరీదా? ఇంకా ఇస్తున్నారన్నమాట దీన్ని. అట్ట మార్చినట్టున్నారు. నా కళ్ళజోడు టీవీ మీద ఉంటుంది చూడు... ఆఁ. చదివి ఏడ్చావా? నువ్వొక్కదానివే కాదులే తల్లీ, దీన్ని చదివి ఏడవనివాళ్ళు లేరు. పొద్దుట లేచిన దగ్గర్నుంచీ వంటింట్లో నిలబడే ఉండే ఒక అమ్మ కథ, మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. బొమ్మల కథంటే చిన్నపిల్లల కాలక్షేపం అనుకునే రోజుల్లో మీసాలున్నవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించింది. మొదటి పేజీ తియ్యి. ఆర్టిస్టు గారి పేరుంది కదూ, వేలెడు లావున? వెనక్కి తిప్పు. కింద, ఇంకా కింద. 'నా అర్ధాంగి స్మృతికి'. అదిగో, ఆ అర్ధాంగి. సగం అనడం కూడా ఎక్కువే అనిపించిందేమో, చీమతలకాయంత అక్షరాల్లో వేశారు. ఆవిడ గురించి అడుగుతున్నావా? కూర్చో అయితే, అలా గుమ్మానికి ఆనుకుంటే నాకు నోరు రాదు.

నేను అక్షరాలు రాసేదాన్నని మీ అమ్మ చెప్పే ఉంటుంది. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర బుడగలుంటాయే, వాటిలో మాటలు. ఇప్పుడు మీ కంప్యూటరు క్షణంలో పరిచేస్తుంది గానీ అప్పుడు ఒక్కో అక్షరం నిబ్బుతో రాయాలి. సున్నా కాస్త వంకరపోతే ఎడిటరు గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "ఇదేంటమ్మా, చక్రం పంక్చరైనట్టుంది" అనేవాడు. ఆయన సొంత దస్తూరీ చూస్తే కోడి కెలికినట్టుండేది, అది వేరే సంగతి. ఎక్కడున్నాను? ఆఁ, వాళ్ళిల్లు. పేజీల కోసం వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ముందుగది ఆర్టిస్టు గారిది. ఎత్తు బల్ల, పెద్ద కిటికీ, ఫ్యాను. వంటింటి పక్కన సామాన్ల గది, అందులో పాత కుట్టుమిషను, దాని మీద చెక్క పలక. అది అక్కది. వరసకి ఏమీ కాదు, నేనే అలా పిలిచేదాన్ని. ప్రెస్సులో మాత్రం నీలివేళ్ళావిడ అనేవాళ్ళు, ఎప్పుడు చూసినా వేళ్ళకి నీలం అంటుకుని ఉండేది కాబట్టి.

ఎందుకంటావా? పని పద్ధతి అది. లేతనీలం పెన్సిలుతో ముందు బొమ్మంతా అక్క గీసేది. ఎవరు ఎక్కడ నిలబడాలి, కోపం వచ్చినవాడి భుజం ఎలా లేస్తుంది, వెలుగు ఎటునుంచి పడుతుంది, అన్నీ. ఆ నీలం మీద ఆర్టిస్టు గారు కుంచెతో నల్ల ఇంకు వేసేవారు. ప్రెస్సులో పేజీల్ని ఫోటో తీసే పెద్ద కెమెరా ఉండేది, దాని ఫిల్ముకి లేతనీలం కనపడదు. అందుకని చెరిపే పని కూడా లేదు. ఇంకు అచ్చవుతుంది, నీలం ఉన్నచోటే ఉండిపోతుంది. నవ్వుతావేం? ఆడవాళ్ళ కోసం ప్రత్యేకం కూర్చుని కనిపెట్టినట్టు లేదూ?

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే నువ్వు కథని తప్పుదారి పట్టిస్తావు, మీ తరానికి ఆ తొందర ఎక్కువ. చెయ్యెత్తి ఎరగడు, గొంతెత్తి ఎరగడు. ఎవరైనా ఇంటికొస్తే, "మా ఆవిడ కూడా గీతలు గీస్తుందండోయ్, కూరలు తరిగిన చెయ్యి కదా, బాగా సాగుతుంది" అని నవ్వేవారు. వచ్చినవాళ్ళూ నవ్వేవాళ్ళు. అక్క కాఫీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళేది. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటారే, ఆయన్ని అలా అనడానికి కూడా నాకు నోరు రాదు. తన చేతిలో గుడ్డ ఉన్నట్టే ఆయనకి తెలీదు మరి.

ఇహ ఈ పుస్తకం. వాళ్ళమ్మ పోయాక మొదలుపెట్టింది అక్క. వాళ్ళమ్మ కూర్చోగా తను ఒక్కసారి కూడా చూడలేదని చెప్పింది నాకు. అన్నం కూడా వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడే తినేదిట. ఆ నిలబడటం గీయాలి, పుస్తకం మొత్తం నిలబడే ఉండాలి ఆవిడ, చదివేవాళ్ళకి కాళ్ళు పీకాలి అనేది. ఎలా చేసేదో చెప్తా విను. ప్రెస్సు నుంచి వచ్చిన పాత ప్రూఫు కాగితాల వెనక అగ్గిపెట్టెలంత చిన్న చిన్న గడులు గీసుకునేది ముందు. వాటిలో మనుషులు బఠాణీ గింజల్లా ఉండేవాళ్ళు. ఆ గింజల్తోనే కథంతా నడిపించేది. పేజీ ఎక్కడ తిప్పాలో, తిప్పగానే ఏం కనపడాలో అక్కడే తేలిపోవాలట. తర్వాత పెద్ద కాగితం. గీయబోయే భంగిమ తను నిలబడి చూసుకునేది, బీరువా అద్దం ముందు. ఒకసారి నేను వెళ్ళేసరికి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "నువ్వు కాసేపు మా నాన్నవి, చెయ్యెత్తు" అంది. ఎత్తాను. "కొట్టడానికి కాదు, కొట్టాక దించుతున్నట్టు" అంది. ఆ తేడా నా మణికట్టులో తేవడానికి ఎంతసేపు నిలబెట్టిందో! భుజం లాగి నేను తిడుతూంటే ఆవిడ గబగబా గీసుకుంటోంది, పెదవి కొరుక్కుంటూ. గీశాక కాగితాన్ని తలకిందులు చేసి చూసేది. తలకిందులుగా కూడా ఆ అమ్మ అలిసిపోయినట్టే కనిపిస్తే బొమ్మ కుదిరినట్టు. నాకొక షరతు పెట్టింది. అమ్మ నోటి దగ్గర బుడగ ఉంటుంది, దాంట్లో ఏమీ రాయకూడదు. ఖాళీ బుడగ. "మాట్లాడబోయింది, అంతే" అంది. అక్షరాలు రాసేదాన్ని కదా, నాకు పొట్టమీద కొట్టినట్టుండాలి. అలా అనిపించలేదు. సరేనని నిబ్బు పక్కన పెట్టాను.

ఏళ్ళు పట్టింది. పగలు ఆయన పని, ఇంటి పని, మధ్యలో దొరికిన ముక్క టైములో ఇది. మొత్తం నీలంలోనే గీసింది. ఎందుకక్కా, ఎలాగూ నీదే కదా, నల్ల పెన్సిలు పట్టుకోరాదూ అని అడిగాను. నలుపు పట్టుకుంటే భయమేస్తుందంది. నీలంలో ఎన్ని తప్పు గీతలు గీసినా ఎవరికీ కనపడవు, అందుకే చెయ్యి ధైర్యంగా వెళ్తుంది. అది నిజమే, ఆ గీతలు చూడాలి నువ్వు. ఒక్క భుజానికి పది గీతలు, వెతుక్కుంటూ, తడుముకుంటూ, ఆ పదింటి మధ్యలో మనిషి ఊపిరి పీలుస్తున్నట్టుండేది.

అంతా అయ్యాక ఇంకు. తనే వేస్తానంది. ఆర్టిస్టు గారు, "నేనున్నాగా, నీకెందుకు శ్రమ" అన్నారు. ప్రేమగానే. వద్దంది. విడి కాగితం మీద ఒక పేజీ మళ్ళీ గీసి దాని మీద కుంచెతో వేసింది. వేసి నన్ను పిలిచింది. చూశాను. బాగుంది. చాలా బాగుందని కూడా అన్నాను. అక్క మొహం చూశాక అర్థమైంది నాకు. అది ఆర్టిస్టు గారి గీత. ఆ లావు, ఆ వంపు, చివర ఆ విసురు, అచ్చం ఆయనే. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని చూసిన ఇంకు అదొక్కటే మరి. మళ్ళీ వేసింది, ఎడమచేత్తో వేసింది, చీపురుపుల్ల ముంచి వేసింది. ఎలా వేసినా ఆయనే వస్తున్నాడు. కుంచె కడిగి బోర్లించి, "నాకంటూ నలుపు లేదే" అంది. ఏడవలేదు. పప్పు పొయ్యి మీదుందని లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు నీలాన్ని నీలంలాగే అచ్చు వేయిద్దామనుకుంది. ఇద్దరం ప్రెస్సుకి వెళ్ళాం. కెమెరా చూసే ఆయన నోట్లో వక్కపొడి నములుతూ, "మా దానికి ఈ రంగు చూసే కళ్ళు లేవు తల్లీ" అని నవ్వాడు. మంచివాడే పాపం. ఏదో రంగుటద్దం అడ్డం పెట్టి ఒక పేజీ తీసి చూపించాడు. మసి గుడ్డతో తుడిచినట్టు బూడిదరంగు, అందులో అక్కడో చెయ్యి ముక్క, ఇక్కడో గిన్నె అంచు. తెచ్చిన కట్ట మళ్ళీ గుడ్డలో చుట్టుకుంది అక్క. దారిలో అంది, ఇంకొకసారి మొదట్నుంచి గీస్తాను, నల్ల పెన్సిలుతో, భయం పోయేదాకా అని. మొదలుపెట్టింది కూడా. అప్పటికే కడుపులో నొప్పి ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే గీయనివ్వరని. గడ్డ అని తేలేసరికి డాక్టరు చేతులెత్తేశాడు. ఆసుపత్రి మంచం మీద కూర్చోబెడితే, "అబ్బ, వీపు ఆనింది" అంది. అంతే. పోయింది.

ఆర్టిస్టు గారు చాలా ఏడ్చారు. దొంగేడుపు కాదు, నేను చూశాను కదా. తర్వాత ముందుగది తలుపు వేసుకుని, ఆ కట్ట విప్పి, మొదటి పేజీ నుంచి ఇంకు వెయ్యడం మొదలుపెట్టారు. అక్క నీలం మీదే. ఆవిడ ఆఖరి కోరిక తీరుస్తున్నానని చెప్పుకున్నారు అందరికీ. అందరూ చేతులెత్తి మొక్కినంత పని చేశారు. భార్య కోసం తిండి మానేసి గీస్తున్నాడట, ఎంత ప్రేమో! పది గీతల్లోంచి ఒకటి ఎంచుకున్నారు, మిగతా తొమ్మిదీ కెమెరాకి వదిలేశారు. అమ్మ మొహం కాస్త నున్నగా చేశారు. ఇక ఆ చివరి పేజీ, తియ్యి. కుర్చీ ఉంది కదూ? అక్క పేజీలో కుర్చీ లేదమ్మా. ఆ అమ్మ గట్టు దగ్గర నిలబడి కాలు మార్చుకుంటుంది, అంతే, ఈ కాలి మీద బరువు ఆ కాలి మీదకి. అక్కడితో పుస్తకం అయిపోతుంది. ఆర్టిస్టు గారు తెల్లరంగు పూసి ఆ కాళ్ళని కప్పేసి, కుర్చీ గీసి కూర్చోబెట్టారు. "పాపం, ఎంతసేపని నిలబెడతాం" అన్నారు నాతో.

బుడగల్లో రాయమని నాకే పంపారు. ప్రతి ఖాళీ బుడగకీ ఒక మాట రాసిన చీటీ. 'నా పిల్లలే నా లోకం.' 'అలసటా? అదేం మాట.' అలాంటివి. పేజీలు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. "ఇవి ఖాళీగా ఉండాలండీ, అక్క చెప్పింది" అన్నాను. ఆయన నా వైపు ఎంతో జాలిగా చూసి, "ఆవిడ పూర్తి చెయ్యలేకపోయిందమ్మా, అందుకే ఖాళీ" అన్నారు. పూర్తి చేసిందండీ, అదే పూర్తి అన్నాను. వినపడలేదో, వినపడ్డా అర్థం కాలేదో, నాకు కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు. లోపల ఎవరూ లేరు. కేకేశాక గుర్తొచ్చినట్టుంది, కుంచె కింద పెట్టేశారు. నేను వచ్చేశాను. ఇంకెవరో రాసిపెట్టారు. నాకంటే సున్నాలు గుండ్రంగానే ఉన్నాయిలే.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఇక్కడ ఆ సామెత కూడా చాలదు. సోకు పడ్డవాడికి సొమ్ము ఎవరిదో నిజంగా తెలీదు. ఏం చేస్తాం?

ఏమిటీ? కంప్యూటర్లో పెడితే నీలం వేరుగా తియ్యొచ్చా? ఇంకు కింద ఉన్నది కూడానా? నిజంగానా... ఆగు, ఆగు, అంత సంబరపడకు. అసలు పేజీలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. మ్యూజియంలో. ఆర్టిస్టు గారు పోయాక వాళ్ళబ్బాయి ఇచ్చేశాడు. నేను వెళ్ళి చూశాను. పెద్ద హాలు, ఒక్కో పేజీకి ఒక్కో అద్దాల ఫ్రేము, ఒక్కోదాని నెత్తిన ఒక్కో దీపం, పొద్దస్తమానం వెలుగుతూ. ఎంత గౌరవంగా పెట్టారనుకున్నావు! అద్దానికి ముక్కు ఆనించి చూశాను. అక్కడ కూర్చునే అమ్మాయి వెనక్కి జరగమంది, జరిగాను, ఆ అమ్మాయి అటు తిరగ్గానే మళ్ళీ ఆనించాను. ఆ పెన్సిలు నీలం వెలుగుకి ఆగదమ్మా. ఎండలో ఆరేసిన చీరలా వెలిసిపోయింది. ఏళ్ళ తరబడి దీపం కింద పెడితే ఏం మిగుల్తుంది? తెల్ల కాగితం, నల్ల ఇంకు. నేను ప్రతి ఫ్రేము దగ్గరా ఆగాను, ఏ మూలైనా, ఒక వేలెడు... ఎక్కడా లేదు. నా కళ్ళు సరిగ్గా లేవేమోనని ఆ అమ్మాయిని కూడా పిలిచి చూడమన్నాను. ఇంకు కింద ఏమైనా కనపడుతోందా అని. పాపం బాగా వంగి చూసింది. ఏం లేదండీ, చాలా శుభ్రంగా గీశారు అంది.

...

ఊఁ? ఏం లేదు. మేడ మీద బట్టలున్నాయి, చినుకులు పడుతున్నట్టున్నాయి చూడు. ఆ దుప్పటి ముందు తియ్యి, అది ఆరదు.