గరాటు ముందు అల్లుడు

విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో, కడుపు పగిలేలా నీళ్లు తాగినవాడు గరాటు ముందు నిలబడ్డాడు. మూత్రధార జోరు ఎంతో ఆ గరాటు కింది మిషను గది బయట కాగితం మీద గీత గీసి చెబుతుంది. తలుపు అవతల నుంచి నర్సు పలకరించింది.

"అయిందా నాయనా?"

ఆ గొంతును అతను గుర్తుపట్టాడు.

"మీరా, అత్తగారూ? మీది వేరే ఆసుపత్రి కదా?"

వాళ్ల లువో తెగలో అల్లుడూ అత్తా ఎదురుపడటమే తప్పు.

"మిషనుతో పాటు నన్నూ ఇవాళే పంపారు అల్లుడుగారూ. మొహం గోడకు తిప్పుకున్నాను. కానివ్వండి."

"మీరు వింటున్నారని తెలిశాక ఎలా వస్తుంది? నన్ను పోనివ్వండి."

"ఉన్నది ఒకటే తలుపు. దాని ముందు నేనున్నాను."

"పోనీ ఇంకోరోజు వస్తాను."

"ఇవాళ గీత పడకపోతే డాక్టరు కింది నుంచి లోపలికి గొట్టం వేసి చూస్తాడు. పక్కన నిలబడి సాయం పట్టాల్సింది నేనే."

అతను గోడకు నుదురు ఆనించాడు.

"రాత్రంతా మీరు లేస్తూనే ఉంటారని మా అమ్మాయి అకెయో నా దగ్గర ఏడ్చింది. అదెలా విననట్టు ఉన్నానో, ఇదీ అంతే. ఇదిగో, కుళాయి తిప్పుతున్నాను."

నీళ్లు రేకు బకెట్లో దడదడా పడ్డాయి. ఆ మోత చాటున అతని ధార ఆగి ఆగి, సన్నగా పడింది.

"అయింది అత్తగారూ. గీత చూశారా?"

"చూశాను. నేలబారుగా ఉంది. గొట్టం తప్పేలా లేదు."

"దానికైనా ఇంకెవరినన్నా పిలుస్తారా?"

అవతల కుళాయి మోత ఇంకాస్త పెరిగింది.