మీటింగుకు అడ్డొచ్చిన మీసం

పాత స్నేహితుల వీడియో మీటింగు మొదలుకాబోతోంది. ఫోను ముందు తాత మీసం దువ్వుకుంటున్నాడు. పక్కన మనవరాలు.

“తాతయ్యా, వడ్రంగి తాత ఇక మీటింగుకు రాడట.”

“వాడికేం రోగం? పోయిన వారం నా కథకి అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం!”

“ఆయన నవ్వలేదు. చెవులు వినపడవు కదా, పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మీరంతా ఒక్కసారే అరిస్తే ఎవర్ని చూస్తాడు పాపం?”

“సరేలేవే, ఒకరి తర్వాత ఒకరం మాట్లాడతాం. లైటు కూడా నా మొహం మీదకి తిప్పు. చాలా?”

“చాలదు. నీ మీసం వెనకాల పెదాలెక్కడున్నాయి?”

“మీసం జోలికి రాకు! దీని మీద గుమ్మడికాయ నిలబెట్టిన మొనగాణ్ణి నేను!”

“ఎవరు చూశారు?”

“ఎవరేంటి? ఆ కాయ మోసుకొచ్చిందే వడ్రంగి!”

“ఇంకెవరూ చూడలేదా?”

“చూసినవాళ్లలో మిగిలింది వాడే.”

తాత కాసేపు మీసం నిమురుకున్నాడు.

“కత్తెర తేవే. మీసం మళ్లీ మొలుస్తుంది, సాక్షి మొలవడు.”