తలుపు లోపలికి వచ్చిన సిస్టరమ్మగారు

పంతొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ నెల పద్దెనిమిదో తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి అంటువ్యాధుల విభాగంలో స్టాఫ్ నర్సుగా సంతకం చేసి లోపలికి అడుగుపెట్టిన గౌరవనీయులైన సిస్టరమ్మగారు, ముప్పై అయిదేళ్ల నిర్విరామ సేవానంతరం, శిక్షణ విభాగపు ప్రధాన బోధకురాలి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సహోద్యోగులందరి పక్షాన ఆమెకు అభినందనలు తెలుపుకునే భాగ్యం కలిగినందుకు సంతోషమే గానీ, వచ్చే నెల నుంచి ఆ వరండా చివరి గదిలో ఆమె ఉండరన్న తలంపుకు మాత్రం లోలోపల గుబులుగానే ఉంది.

ఈ వీడ్కోలు సంచికలో పలువురు పెద్దలు ఆమెను ధైర్యశాలి అని కొనియాడతారు. వారి మాట కాదనే సాహసం ఇక్కడ ఎవరికీ లేదు గానీ, నిజానికి ఆమె భయస్తురాలు. ఆ మాట ఆమే అంటారు. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో అంటువ్యాధుల వార్డంటే ఎవరూ కోరి వెళ్లేవారు కాదు. వెళ్లినవారు బదిలీ కోసం ఎదురుచూసేవారు. సిస్టరమ్మగారు బదిలీ అడగలేదు. అడగడానికి కూడా భయమేసి ఊరుకున్నానని నవ్వుతూ చెబుతారు. ఇంటికి వెళ్లాక పెరటి వైపు నుంచి లోపలికి వెళ్లి, స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పసివాడైన కొడుకును ఎత్తుకునేవారట. ఇప్పుడు ఇంజనీరైన ఆ అబ్బాయి అంటాడు, "మా చిన్నప్పుడు ముందు నీళ్ల చప్పుడు వచ్చేది, ఆ తర్వాత అమ్మ వచ్చేది" అని. వారి శ్రీవారైతే ఇంకొక మెట్టు పైకెళ్లి, "మా ఇంటికి ఏ కవరొచ్చినా కత్తెర నా చేతికే ఇస్తుందండీ, మొగుడి మీద అంత నమ్మకం" అంటూ వీడ్కోలు సభ ఏర్పాట్ల రోజున అందర్నీ నవ్వించారు.

ఆ వార్డులో పదేళ్లకు పైగా పనిచేసి, హెడ్ నర్సుగా పదోన్నతి పొందిన తరువాత, ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన బాధ్యత ఒకటి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఎవరైనా దురుద్దేశంతో రోగక్రిములను జనం మధ్యకు వదిలితే, ఆ సంగతి మొట్టమొదట తెలియవలసింది ఏ అధికారికో కాదు, జ్వరమంటూ వచ్చిన తొలి మనిషి చెయ్యి పట్టుకుని చూసే నర్సుకో, డాక్టరుకో. అలాంటి జీవాయుధ దాడిని గుర్తుపట్టడం, గుర్తుపట్టాక ఏం చెయ్యాలో తెలిసి ఉండటం, వైద్య సిబ్బంది అందరికీ నేర్పాలని పైవారు సంకల్పించారు. ఆ విద్యలో తర్ఫీదు పొంది వచ్చిన సిస్టరమ్మగారికి శిక్షణ విభాగాన్ని అప్పగించారు. నాటి నుంచి నేటి వరకు ఆమె వద్ద నేర్చుకున్న డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ సిబ్బంది, అంబులెన్స్ డ్రైవర్లు ఎందరో లెక్క తేలదు.

ఆమె పాఠం వినేవాళ్లకు నిద్ర పట్టేది కాదు. "ఒకడికి జ్వరమొస్తే అది జబ్బు. ఒకే సినిమా హాలుకెళ్లిన పదిమందికి అదే వారంలో, ఎన్నడూ చూడని తీరులో జ్వరమొస్తే అది ప్రశ్న. ఒళ్లు చూడటం సగం పనే. ఎక్కడికెళ్లావు, ఎవరి పక్కన కూర్చున్నావు, ఇంట్లో ఇంకెవరికుంది అని అడిగితేనే మిగతా సగం" అనేవారు. అనుమానమొస్తే ఆలస్యం చెయ్యకుండా పైకి చెప్పాలని, తీరా అది ఉత్తుత్తిదే అయినా సిగ్గుపడొద్దని, సిగ్గుపడేవాళ్ల సిగ్గు తన ఖాతాలో వేసుకుంటానని అభయమిచ్చేవారు.

అభ్యాసాల కోసం ఆమె వద్ద ఒక రబ్బరు బొమ్మ ఉండేది. నిలువెత్తు మనిషి, నోరు కొంచెం తెరుచుకుని, పైకప్పు వంక చూస్తూ పడుకుని ఉంటాడు. ఎవరు మొదలుపెట్టారో గానీ, దానికి మావయ్యగారని పేరు స్థిరపడిపోయింది. "మావయ్యగారికి ఇవాళ దద్దుర్లండోయ్" అంటే ఆ రోజు అభ్యాసం ఉందని అర్థం. మావయ్యగారి చుట్టూ పసుపు గీత గీయడం, తలుపు మూయడం, ఫ్యాను ఆపడం, తొడుగులు వేసుకోవడం, ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో వారికి చెయ్యడం, ఇవన్నీ మన సిబ్బందికి కళ్లు మూసుకుని చేసేంత అలవాటయ్యాయి. మావయ్యగారు మాత్రం ఎన్నడూ నోరు విప్పి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

మూడేళ్ల కిందటి ఒక ఉదయం, అసలు పరీక్ష ఎదురైంది.

శిక్షణ విభాగం ఆఫీసు గదిలో పనిచేసే ఆయా ఒకామె, ఎనిమిదో తరగతితో బడి మానేసిన అమ్మాయి, పాలు తాగే పాపను పక్కనున్న పిల్లల గదిలో వదిలి పనిలోకి వచ్చింది. తపాలా కవర్లు విప్పి, దొంతి పెట్టి గుమస్తాగారి బల్ల మీద ఉంచడం ఆమె పని. ఆ రోజు ఒక కవరు కత్తిరిస్తుంటే తెల్లటి పొడి కొంత బల్ల మీద రాలింది. ఏదో అట్టపెట్టె దుమ్మనుకుని అరచేత్తో పక్కకు తోసేసి తక్కిన కవర్లు విప్పుతూ కూర్చుంది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చిన గుమస్తాగారు బల్ల వంక, ఆమె కొంగుకంటిన తెలుపు వంక చూసి, అడుగు వెనక్కి వేసి, గంట నొక్కారు.

ఆ తరువాత జరిగిందంతా మావయ్యగారి విషయంలో జరిగినట్టే, ఒక్క పొల్లు పోకుండా జరిగింది. గాజు తలుపు మూసుకుంది. ఫ్యాను ఆగింది. బయట నేల మీద పసుపు గీత పడింది. ఎవరికి చెయ్యాలో వారికి ఫోన్లు వెళ్లాయి. లోపల ఆ అమ్మాయి కత్తెర చేతిలో పట్టుకుని నిలబడే ఉంది. బయట మాటలు తలుపు సందులోంచి వినబడుతున్నాయి.

"పేషెంటు ఒక్కరే. ఆడమనిషి. పాతికేళ్లుంటాయి."

"పేషెంటు కదలకుండా ఉందా?"

"ఉంది, నిలబడే ఉంది."

పేషెంటంటే ఎవరో అర్థం కావడానికి ఆమెకు కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక తలుపు దగ్గరకొచ్చి గాజు మీద తట్టి, "అన్నా, పాప పాలకేడుస్తుంటుంది. ఒక్కసారి ఎవరైనా..." అంది. రోజూ ఆమె చేతి టీ తాగే మనుషులే, అందరూ కలిసి ఇంకో అడుగు వెనక్కి వేశారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేస్తున్నారు.

అవతలి భవనంలో పాఠం చెబుతున్న సిస్టరమ్మగారు కబురందుకుని వచ్చారు. గీత చూశారు, తలుపు చూశారు, ఫ్యాను చూశారు. అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు గాజు అవతలి ముఖం చూశారు.

"ఆ పిల్లతో ఎవరైనా మాట్లాడారా?"

 కొత్తగా చేరిన నర్సు, "ఏం మాట్లాడాలి సిస్టర్? అది మనకు చెప్పలేదుగా" అంది, వెటకారం ఏమీ లేకుండా.

సిస్టరమ్మగారు తొడుగులు తెప్పించి, నియమం ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి వేసుకోవడం మొదలుపెట్టారు. లోపలికి వెళ్లినవారు తొలి ఫలితం వచ్చేదాకా బయటికి రాకూడదన్న నియమం రాసిందీ ఆమే. గాజు లోపలి వైపు నుంచి ఆ అమ్మాయి చూస్తూనే ఉంది. సిస్టరమ్మగారి చేతి తొడుగు రెండుసార్లు జారిపోయింది. వేల మందికి వేసి చూపించిన తొడుగు అది.

లోపలికి వచ్చి తలుపు మూశాక ఆమె మొదటి మాట, "నాకూ భయంగానే ఉందే. ఇద్దరం కలిసి భయపడదాం, ముందు ఆ కత్తెర కింద పెట్టు."

గదికి ఆనుకునే ఉన్న స్నానాల గదిలో ఆమెను నిలబెట్టి, బట్టలన్నీ సంచిలో కట్టించి, తల నుంచి కాళ్ల దాకా సబ్బుతో కడిగించి, ఆసుపత్రి గౌను తొడిగించారు. అక్కడే ఎదురెదురుగా రెండు స్టూళ్ల మీద కూర్చున్నారు. పాలు చేపుకొచ్చి గౌను ముందు భాగమంతా తడిసిపోతున్నది. ఆ తడి చూసుకుని ఆ అమ్మాయికి ఏడుపు ఆగలేదు.

"పాపకేం కాదు కదూ సిస్టరమ్మా?"

"కాదని చెప్పలేను. అది ఏం పొడో నాకు తెలియదు. తెలిసిందైతే చెప్తా. పిల్లల గది ఆవిడ పాపకు కప్పుతో పాలు పట్టింది, నేను లోపలికొచ్చేముందే ఫోన్ చేసి కనుక్కున్నాను. పిల్లల డాక్టరుగారు పక్కనే ఉన్నారు."

అప్పుడు బయటపడింది అసలు భయం. పొద్దున ఒకసారి పిల్లల గదికి వెళ్లి, పాప ముక్కు కొంగుతో తుడిచిన మాట నిజం. ఆ తుడవడం కవరు విప్పకముందో, విప్పాకో ఆమెకు గుర్తు రావడం లేదు. ఎంత గింజుకున్నా రావడం లేదు. ముందే అనుకుంటే ముందే అనిపిస్తోంది, తర్వాత అనుకుంటే తర్వాతే అనిపిస్తోంది. "నా చేతులతో నేనే పూసొచ్చానేమో" అంది.

"ముందా తర్వాతా అని నిన్ను నువ్వు అడక్కు. ఆ ప్రశ్నకి భయమే జవాబు చెప్తుంది" అన్నారు సిస్టరమ్మగారు. "ముక్కు తుడిచాక ఏం చేశావు?"

"ఆవిడ కసిరింది. ముక్కు తుడిచిన చేత్తో పిల్లల కప్పులు ముట్టుకోకు, పోయి కడుక్కో అని."

"కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"దేంతో తుడుచుకున్నావు?"

"తుడుచుకోలేదు. తపాలా అబ్బాయి తొందరపెట్టాడు. అట్లాగే కవర్లందుకుని..." ఆమెకేదో గుర్తొచ్చింది. "పైనున్న కవరు మీద సిరా అలుక్కుపోయింది సిస్టరమ్మా. అడ్రసు చెరిగితే గుమస్తాగారు తిడతారని కొంగుతో అద్దాను."

సిస్టరమ్మగారు లేచి, స్నానాల గది గుమ్మం దాటకుండానే, బల్ల మీద పొడి రాలిన ఆ కవరు వంక వంగి చూశారు. పై అంచున నీలం సిరా రెండు వేళ్ల మేర అలుక్కుపోయి ఉంది. కవరు చేతికి వచ్చేటప్పటికే చేతులు తడిగా ఉన్నాయి. ముక్కు తుడవడం ముందే అయిపోయింది. పొడి రాలాక పాప దగ్గరకు వెళ్లనే లేదు.

"పిల్ల సంగతి తేలిపోయింది. ఇక మిగిలింది నువ్వూ నేనూ" అన్నారామె. ఆ మాటకు భయపడాలో, నవ్వాలో తెలియక ఆ అమ్మాయి రెండూ చేసింది.

సాయంత్రం దాకా ఆ రెండు స్టూళ్ల మీదే గడిచింది. ల్యాబ్ నుంచి తొలి కబురు, పొడిలో రోగక్రిములు కనబడలేదని. మూడో రోజున వచ్చిన తుది ఫలితమూ అదే చెప్పింది. ఎవరు పంపారో, ఎందుకు పంపారో మాత్రం ఈనాటికీ తెలియరాలేదు. తొలి కబురు విన్నాక పాప దగ్గరకు పరుగెత్తాల్సిన అమ్మాయి పరుగెత్తలేకపోయింది. ఎందుకంటే స్టూలు మీంచి లేవబోయిన సిస్టరమ్మగారికి మోకాళ్లు నిలవలేదు. ఆమె రెక్క పట్టుకుని లేపవలసి వచ్చింది. "ఇది మాత్రం క్లాసులో చెప్పకే" అన్నారట. ఆమె అనుమతి లేకుండానే ఇక్కడ చెబుతున్నందుకు క్షంతవ్యులం.

మరుసటి వారం మావయ్యగారిని సామాన్ల గదికి పంపించేశారు. ఆ స్థానంలో బతికున్న మనిషిని కూర్చోబెట్టాలని సిస్టరమ్మగారు పట్టుబట్టి, ఆ ఆయాకే రోగి పాత్ర అప్పగించారు. ఇప్పుడు ప్రతి అభ్యాసంలోనూ గీత పడే లోపే లోపలి మనిషి గాజు మీద తడుతుంది. "నా బిడ్డనెవరు చూస్తున్నారు?" అని అడుగుతుంది. దానికి జవాబు చెప్పాకే ఫోన్ ముట్టుకోవాలి. ఒకసారి పేరున్న సర్జన్ గారొకరు "తెలియదమ్మా, కనుక్కుని చెప్తాను" అన్నారు. "అదే జవాబు. రాసుకోండందరూ" అన్నారు సిస్టరమ్మగారు, ఆయనకు నమస్కరించి.

కిందటి వారం జరిగిన ఆఖరి తరగతిలో ఒక విద్యార్థిని లేచి, ఇన్నేళ్లలో భయం పోయిందా మేడమ్ అని అడిగింది. "పోలేదమ్మా. ఎవరితో కలిసి పడాలో తెలిసింది" అన్నారు.

అందువల్ల సిస్టరమ్మగారిని ఇకపై నిర్భయంగా ఉండమని దీవించే అర్హత మాకు లేదు. వారు ఇంతమందికి ఇంత శ్రమపడి నేర్పిన విద్య, ఈ ఊరికి ఒక్కనాడు కూడా అక్కరకు రాకుండా వృథాగా పోవాలని మనసారా కోరుకుంటున్నాం. ఒకవేళ అక్కర పడితే, లోపల చిక్కుకున్న మనిషి పేరు పెట్టి పిలిచే గొంతు బయట ఒకటైనా ఉండాలని, ఆ గొంతు వారి శిష్యులది కావాలని ఆశిస్తున్నాం. శ్రీవారితో, కుమారునితో, కోడలితో, ఇంకా పుట్టబోయే మనవలతో, వారు ఇంటి ముందు గుమ్మంలోంచే నేరుగా లోపలికి వెళ్లి, కాళ్లు కూడా కడుక్కోకుండా పిల్లల్ని ఎత్తుకుంటూ, నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ వర్ధిల్లాలని ప్రార్థిస్తున్నాం.