పెండ్లికొడుకు మోకాలు

బండి బందు చేసినంక గట్ల దడదడ ఊగుతుందేందిరా అమర్నాథూ? మళ్లొక్కసారి ఇంజన్ చాలు చేసి బందు చెయ్యి, సప్పుడు ఇంట. ఆఁ, ఇగ ఆపు. గీ ఊపు నాకెరుకే. అక్రం మిస్త్రీ యాదికొచ్చిండు పో. నీకెట్ల తెలుస్తడు, నువ్వు పుట్టకముందు ముచ్చట. ఇట్ల గద్దె మీద కూసో, చెప్త. డెబ్బయెనిమిదిల నా దగ్గర ఒక పాత డీజిల్ వ్యాన్ ఉంటుండె. మొగుడంపల్లి నుంచి జహీరాబాద్‌కు మందిని, అల్లం బస్తాలను ఒక్క తీర్గ ఏసుకొని తిప్పుతుంటి. నడిచినంతసేపు బంగారం అసొంటి బండి. అప్పుడు తాళం తిప్పితె ఆగకపోతుండె, స్టాపర్ అని ఒక గుండీ ఉంటది, అది గుంజితె డీజిల్ బందైతది, ఇంజన్ ఆగుతది. గా ఆగేటప్పుడే దయ్యం వట్టినట్టు బండంత ఒక్క జటకతోని ఊగుతుండె. తారాబాయి అని కూరగాయలమ్మే ఆమె రోజు వస్తుండె, "మాణిక్, జర చెప్పి బందు చెయ్యవయ్యా, నోట్ల పండ్లు కొట్టుకుంటున్నయ్" అంటుండె.

అక్రం అంటె అప్పట్ల జహీరాబాద్‌ల పెద్ద పేరు. సన్నగ, పొడుగ్గ, మాట తక్కువ. బొంబాయి లారీలోళ్లు సుత ఆయన షెడ్డు కాడనే ఆపుతుండ్రి. ఆయన మొదలు, "ఇంజన్ కింది రబ్బర్లు పోయినయ్ మాణిక్ భాయ్" అన్నడు. రెండు దిక్కుల కొత్తయి ఏసిండు. ఊపు పోలె. "ఇంజెక్టర్ కారుతుంది, ఆగమన్నంక గూడ చుక్క పడుతుంది" అని అది సాఫ్ చేసిండు. పోలె. స్టాపర్ వైరు బిగించిండు. ఊఁహూఁ. ఇంకో మిస్త్రీ ఐతె పాత బండి గట్లనే ఉంటది పో అంటుండె. ఈయన నలుగుట్ల నిలబడి, "నాకు దొరకలె భాయ్. నా చేతకానితనమే" అన్నడు. మిస్త్రీ నోట గా మాట ఇన్నవా నువ్వెప్పుడన్న? నేనైతె ఇంకెవ్వల నోట ఇనలె.

గంతల ఆయన పెండ్లి కుదిరింది. పిల్ల హుమ్నాబాద్, పేరు గౌహర్ బేగం. బరాత్‌కు నా వ్యానే. ఇరవై రెండు మంది, పిల్లజెల్ల వేరే. ముంగటి సీట్ల నా పక్కన పెండ్లికొడుకు, మొకం నిండ పూల సెహ్రా, ఒంటి మీద జలాల్ చాచా దగ్గర అడుక్కొచ్చిన తెల్ల షేర్వానీ. చిరాగ్‌పల్లి కాడ ఛాయ్ తాగుదామని ఆపిన. స్టాపర్ గుంజిన. జటక. అందరు దిగుతున్నరు, ఈయన దిగుతలేడు. సెహ్రా పక్కకు జరిపి నా దిక్కు చూసి, "మాణిక్ భాయ్, నీ మోకాలుకు తాకిందా?" అన్నడు. "ఏంది తాకేది?" అన్న. మా ఇద్దరి నడుమ ఇంజన్ మూత ఉంటది గద, అది చూపెట్టి, "నా మోకాలును గుద్దింది. మళ్ల చాలు చెయ్యి" అన్నడు. చేసి బందు చేసిన. "నీకు?" "లేదు." "నాకు తాకింది. మళ్ల." గట్ల మూడు సార్లు. ఇన్ని దినాలు బండి కిందికెళ్లి చూసె, మీదికెళ్లి ఇనె, గా సీట్ల మాత్రం ఎన్నడు కూసోలె. "రెండు దిక్కుల కొత్త రబ్బర్లైతె ఒక్క దిక్కే ఎందుకెగురుతది?" అనుకుంటనే సెహ్రా తీసి నా ఒళ్లె పెట్టి, షేర్వానీతోనే బండి కిందికి దూరిండు. జలాల్ చాచా ఉరికొచ్చి, "అరె పాగల్, నా షేర్వానీ" అని మొత్తుకుంటుండు. బండి కింద బురద గీకుతున్న సప్పుడు ఇనొస్తుంది. కొంచెం సేపటికి బయటికొచ్చిండు. "ఇంజన్‌ను మోసే అడ్డపట్టీ నెర్రెవడ్డది. బురదల కానొస్తలేదు. నాలుగు వేళ్ల మందమే అతికి ఉన్నది. ఇంజన్ రోడ్డు మీద పడితె అందరం పోతుంటిమి. ఎవ్వలు ఎక్కొద్దు" అన్నడు.

ఇగ చూడు, బరాత్ అంత సోలాపూర్ పోయే ఖాళీ లారీ ఎక్కినం. ఆడోళ్లు ముంగట, మొగోళ్లు ఎనక, పెండ్లికొడుకు స్టెప్నీ టైరు మీద. రెండు గంటలు లేటు. పిల్ల తండ్రి గుమ్మంల నిలబడి నూనెతోని నల్లగైన షేర్వానీ చూసి, "పెండ్లినాడు గూడ రిపేరేనా?" అన్నడు. అక్రం తల దించుకొని, "ఇరవై రెండు మంది ఉండిరి మామూ" అన్నడు, గంతే. ముసలాయన లోపలికి పోయి అత్తరు సీసా తెచ్చి తన చేతులతోనే పూసిండు, నూనె మరకల మీద.

తెల్లారి జహీరాబాద్ దిక్కు పోయే ఇంకో లారీల పిల్లను తోల్కొని వస్తున్నం. చుట్టాలు సీద ఇంటికి పోదామంటె, ఆ పిల్లనే, "గా బండి కాడ ఆగుదాం" అన్నదట. చిరాగ్‌పల్లిల సిద్దప్ప అని వెల్డింగ్ ఆయన దొరికిండు. అక్రం మళ్ల బండి కింద. "నెర్రె ఎందాక పోయిందో కానొస్తలేదు, అంత చీకటి" అంటుండు. నేను స్టీరింగ్ కాడ కూసున్న. పిల్ల లారీలకెళ్లి దిగి, నికా అయినంక ఇద్దరు ఒకరి మొకం ఒకరు మొదటిసారి చూసుకునే అద్దముంటది గద, పెండ్లి పెట్టెలకెళ్లి అది తీసి, రోడ్డు పక్కన కూసొని ఎండను బండి కిందికి కొట్టింది. ఎవ్వలు చెప్పలె. "జర ఎడమకు" అన్నడు అక్రం, ఎవలు పట్టిన్రో చూడకనే. ఎడమకు తిప్పింది. "ఆఁ, గట్లనే పట్టు." మొగడు పెండ్లాన్ని అన్న మొదటి మాటలు గవే కావచ్చు. వెల్డింగ్ అయినంక చాలు చేసి స్టాపర్ గుంజిన. బిడ్డా, ఏం చెప్పాలె. నిద్రవొయిన పసిపోరడు ఊపిరి ఇడిసినట్టు ఆగింది. అక్రం బండి కిందనే ఉండి నవ్వుతుండు. గప్పుడు ఆమె అద్దం ఆయన మొకం మీదికి తిప్పింది. మసి మొకం, కండ్లు చిట్లించిండు. ఉర్దూల మెల్లగ అన్నది, నాకినొచ్చింది, ఇన్నేండ్లు ఎవ్వలికి చెప్పలె: "నిన్న అద్దంల మీరు నన్ను చూసిన్రు. నేను కండ్లు మూసుకొని ఉంటి. ఇప్పుడు చూస్తున్న."

ఇద్దరు పోయిన్రు. ఆయన ముందు, ఆమె ఎనక, నడుమ ఏడాది సుత కాలె.

...

ఎండ ఎక్కింది. ఆ నీళ్ల చెంబు ఇటియ్యి.