పెంగ్ మామ్మ కంప్యూటర్లో దుమ్ము

కీలుంగ్ రేవులో ఆ వారమంతా వాన తెరిపి ఇవ్వలేదు. కావ్ సుషిన్ గొడుగు దులుపుకుని వెన్‌చాంగ్ టీ కొట్లోకి అడుగుపెట్టేసరికి లో తియెన్‌షుంగ్ వీధివైపు వీపు పెట్టి, వేయించిన పుచ్చగింజలు కొరుకుతూ కూర్చుని ఉన్నాడు. పూర్వం సరుకుల ఓడల్లో వంటవాడు. ఇప్పుడు ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా తానే వైద్యుణ్ణని చెప్పుకుంటాడు. అతని మాటల్లో ముప్పాతిక కోతలేనని సుషిన్‌కి తెలుసు. ఆ మిగిలిన పాతిక కోసమే వచ్చింది.

ఆమె కంప్యూటర్ పెట్టిన పావుగంటకల్లా దానంతటదే ఆరిపోతోంది. రెండేళ్లుగా రాస్తున్న పుస్తకం అందులోనే ఉంది. చిన్నప్పుడు ఆమె చదువుకున్న, ఒక దీవిలోని బడి ఎప్పుడో మూతపడింది. అక్కడ చదివిన రెండొందల పదకొండు మందిలో ఎవరు ఏ బల్ల మీద కూర్చునేవారో, ఎవరి టిఫిను ఎవరు కాజేసేవారో ఒక్కొక్కరినే అడిగి రాసుకొచ్చింది. శనివారం వాళ్లంతా కలుస్తున్నారు. రేపు సాయంత్రానికి అచ్చుకి ఇవ్వాలి, ఇంకా పంతొమ్మిది మంది మిగిలారు. రిపేరు షాపాయనేమో లోపలున్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమెకి అన్నం సహించడం లేదు.

"లో అన్నా, పావుగంటకే ఆరిపోయే కంప్యూటర్‌ని ఎప్పుడైనా చూశారా?" అంది కూర్చుంటూ.

"చూశానా అని అడుగుతావేంటమ్మా. కొండ పక్క పెంగ్ మామ్మ ఇంట్లో సరిగ్గా అదే జబ్బు. నేను వెళ్లి చెవి ఆనించి విన్నాను. లోపల్నుంచి పిండిమర లాంటి రొద. చూడకుండానే చెప్పేశాను, మామ్మా, ఇది దుమ్ము అని."

"దుమ్ముంటే ఆరిపోవడం దేనికి?"

"లోపల చిన్న ఫ్యాను ఉంటుంది కదా, అది వేడిని బయటికి తోలాలి. దుమ్ము అడ్డం పడితే వేడి లోపలే ఉండిపోతుంది. ఇక మాడిపోతానని భయమేసి మిషనే ఆరిపోతుంది. దాని ప్రాణం అది కాపాడుకుంటుందన్నమాట."

సుషిన్‌కి నిన్న ఆ డబ్బా పక్కన చెయ్యి పెడితే ఆవిరి కుండలా కాలడం గుర్తొచ్చింది. ఇది పాతికలోదేననుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఎంత దుమ్ముంది?"

"మూత తీశానా, ఒక చిప్పెడు. లోపలికి చెయ్యి పెట్టానా, ఒక బకెట్టు. మోచెయ్యి దాకా పోనిచ్చాను. మూడు బియ్యం బస్తాలు నింపి వీధిలో పెట్టించాను."

"అంత చిన్న డబ్బాలో మూడు బస్తాలా?" అన్నాడు వెన్‌చాంగ్ కప్పుల్లో టీ వంచుతూ.

"కూరిన దుమ్మయ్యా, పరుపులో దూదిలా విప్పేకొద్దీ పెరుగుతుంది. ఇంతకీ ఆ దుమ్ము వెనకాల ఏముందో తెలుసా? బల్లులు. ఒక సంసారం. తాత, నాయనమ్మ, ఇద్దరు కోడళ్లు. తెర మీద బాణం కదులుతుంది చూడు, దాన్ని మామ్మ తిప్పుతోందనుకుంటోంది పాపం. తాత బల్లి తోకతో తిప్పుతోంది."

వెన్‌చాంగ్ నవ్వు ఆపుకున్నాడు. సుషిన్ మాత్రం, "ఫ్యాను సంగతి చెప్పండి," అంది.

అప్పుడే ఒక ముసలావిడ నీళ్లోడుతున్న వానకోటుతో వచ్చి లో వెనక ఉన్న బల్ల దగ్గర కూర్చుంది. సుషిన్ ఆమెనెప్పుడూ చూడలేదు. వెన్‌చాంగ్ చూసి నోరు తెరవబోతే, ఆవిడ తల అడ్డంగా ఆడించి ఊరుకోమంది.

"ఆ ఫ్యానా? పదేళ్లుగా ఊపిరాడక ఉందది. బల్లుల్ని ఒక్కొక్కదాన్నీ చేత్తో పట్టుకుని గోడకి దింపి, స్విచ్ వేశాను. ఇక చూసుకో. కర్టెన్లు ఎగిరాయి. మామ్మ పన్నెండు రోజులుగా ఆరని బట్టలు రెండు నిమిషాల్లో అప్పడాల్లా ఆరాయి. ఇరుగుపొరుగు వాళ్లు తడిబట్టలతో మెట్లమీద వరస కట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ తెరిచే ఉంది. ఆ గాలి రేవులోకి పోయి, లంగరేసిన ఓడని అటు నుంచి ఇటు తిప్పేసింది. కెప్టెన్ నాకు చెయ్యి ఊపాడు. అక్కడితో ఆగిందా, మేఘాల్లోకి ఎక్కి వాటిని చెరోపక్కకి నెట్టేసింది. కొండ పక్క వీధి మొత్తం నలభై నిమిషాలు ఎండ కాసింది. ఇలా ఎండ పెట్టాలంటే ముందు మాకు చెప్పాలి కదండీ అని వాతావరణం వాళ్లు ఫోను చేశారు నాకు."

"ఆ నలభై నిమిషాలూ నేనెక్కడ ఉన్నాను, లో?" అంది వెనక నుంచి ముసలావిడ.

లో చేతిలో పుచ్చగింజ చేతిలోనే ఉండిపోయింది. మెల్లిగా తిరిగాడు.

"ఆ ఇల్లు నాది," అంది పెంగ్ మామ్మ అందరికీ వినపడేలా. "మూత తీసింది నేను. దుమ్ము తీసింది నేను. ఇతను టార్చిలైటు పట్టుకున్నాడు. ఒక బల్లిపిల్ల కనపడేసరికి అదీ వదిలేసి కుర్చీ ఎక్కాడు. దిగడానికి అరగంట పట్టింది."

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. సుషిన్ నవ్వలేదు. తన కప్పు పట్టుకుని వెళ్లి మామ్మ ఎదురుగా కూర్చుంది.

"నిజంగా ఎంత దుమ్ముందండీ?"

"గుప్పెడు. గుప్పెడు చాలు దాన్ని చంపడానికి."

"దేంతో తీశారు?"

"మెత్తటి రంగుల కుంచెతో. ముందు కరెంటు తీగ గోడలోంచి పీకేసి చల్లారనివ్వాలి. ఫ్యాను తిరక్కుండా వేలితో ఆపి దులపాలి. తడిగుడ్డ పెట్టకూడదు. రెండుసార్లు చెడగొట్టుకుని నేర్చుకున్నాను. నీదేం జబ్బు?"

సుషిన్ అంతా చెప్పింది, బడి సంగతీ, తుడిచెయ్యాలన్న షాపాయన సంగతీ. మామ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"పావుగంట నడుస్తోంది కదా. నీ రాతంతా పెన్‌డ్రైవ్‌లోకి దించడానికి రెండు నిమిషాలు చాలు. ముందది చెయ్యాలి. రాసింది నీ చేతికొచ్చాక ఇక భయం దేనికి? ఆ తర్వాత మూత తీద్దాం."

రెండేళ్ల కష్టాన్ని రెండు నిమిషాల్లో దించుకోవచ్చని సుషిన్‌కి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. కళ్లు తడయ్యాయి. లేచి మామ్మ వానకోటు అందించింది.

"టార్చి పట్టడానికి మనిషి కావాలేమో," అన్నాడు లో, ఎటో చూస్తూ.

"బల్లి ఉంటే?" అంది మామ్మ.

"కళ్లు మూసుకుని పట్టుకుంటాను."

ముగ్గురూ ఒకే గొడుగులో సర్దుకుంటూ సుషిన్ ఇంటికి వెళ్లారు. పుస్తకం పెన్‌డ్రైవ్‌లోకి దిగాక సుషిన్ దాన్ని జేబులో వేసుకుని పైనుంచి చెయ్యి ఆనించుకుంది. తీగ పీకి, చల్లారనిచ్చి మూత తీశారు. ఫ్యాను వెనక రేకుల మధ్య బూడిదరంగు పొర, ముతక కంబళి ముక్కలా. బల్లులేం లేవు. మామ్మ కుంచె పట్టింది. మొదట కొంచెం దులిపి, కుంచె సుషిన్ చేతికిచ్చి నువ్వు కానివ్వు అంది. లో టార్చి దీపం పట్టుకున్నాడు.

మూత బిగించి స్విచ్ వేశారు. సుషిన్ నూట తొంభై మూడో పేరు దగ్గర మొదలుపెట్టింది. పది నిమిషాలైంది. పావుగంటైంది. డబ్బా పక్క గోరువెచ్చగా ఉంది, అంతే. అరగంటకి నూట తొంభై తొమ్మిదో పేరు దగ్గరికి వచ్చింది.

"ఇదిగో, దీన్ని నేనే..." అని లో గొంతు సవరించుకున్నాడు. మామ్మ అతనివైపు చూసింది.

"దీపం," అన్నాడు లో. "దీపం పట్టుకుంది నేనే."