గోదారిలో కొబ్బరితోట

ఐ.పోలవరంలో కళ్యాణి ఇల్లు. కంప్యూటరులో గోదారి పటం తెరిచి దాని ముందు ఆమె, పక్కనే కుర్చీ లాక్కుని మేనమామ భాస్కరరావు. కాఫీ రెండోసారి వచ్చింది, ఆయన మాత్రం లేచేలా లేరు.

"అదే కళ్యాణీ, ఆ నీలంరంగు తీసేసి పచ్చరంగు వెయ్యమంటున్నాను. అంతే కదా!"

"నీలం అంటే గోదారండి, మావయ్యగారూ."

"గోదారని నాకు తెలీదూ? అక్కడ, ఏటి మధ్యనే ఉంది నా లంకభూమి."

"ఉండేదండి. వరదకి కోసుకుపోయింది కదండీ."

"పోయిందీ పోయిందీ అనకు. నీళ్ళకింద ఉంది. భూమి ఎక్కడికి పోతుంది?"

"మావయ్యగారూ, ఈ భూగోళం సాఫ్ట్‌వేరు నా ఒక్కదానిది కాదండి. ఎక్కడెక్కడివాళ్ళో తలా కాస్త రాసి, ఊరికే అందరికీ ఇచ్చేరు. నేను చేర్చిందల్లా మన లంకలు ఏ యేడు ఎంత కోసుకుపోయేయో, ఎక్కడ కొత్తగా తేలేయో కనపడేలా చెయ్యడం. అందులో అబద్ధం ఎలా పెడతానండీ?"

"అందరిదీ అన్నావుగా? అంటే నాదీనూ. ఏదీ, ఆ మౌసు ఇలా ఇయ్యి."

"తప్పని తెలిస్తే మిగతావాళ్ళు చూసి తీసేస్తారండి."

"ఎప్పుడు?"

"వారం పట్టొచ్చు."

"చాలు. ఎల్లుండే రిజిస్ట్రేషను."

"ఎవరికండీ?"

"ఎవరికో ఒకరికి."

"ఎవరికండీ, మావయ్యగారూ?"

"ఇంకెవరికి, మీ నూకరాజు బాబాయికి. మస్కట్‌లో కూచుని వాడు ఇందులోనే చూస్తాట్ట. చూసి, 'బావగారూ, ఇక్కడ నీళ్ళున్నాయేంటండీ' అంటాడు. అంతా నీవల్లే."

"పాపం, అక్కడ ఎండలో మాడి దాచుకున్న డబ్బండీ అది."

"అందుకేగా చల్లటి చోటు ఇస్తున్నాను!"

"సరే, మీ ఇష్టం. పచ్చరంగు పట్టుకుని ఒడ్డునించి లాగండి."

"ఇలాగా?"

"ఆయ్."

"ఇంకాస్త… ఇంకాస్త…"

"మీకు అంత లేదు కదండీ."

"ఎలాగూ వేస్తున్నాం, కక్కుర్తి దేనికి?"

"చాలండి, చాలండి! ఇంకాస్త లాగితే యానాం తగులుతుంది."

"కొబ్బరిచెట్లు కూడా పెట్టొచ్చా? కాపుమీదున్నవి?"

"పెట్టొచ్చండి. ఒక్కమాట, మావయ్యగారూ. ఇదంతా ఈ యేడు కొత్తగా తేలిన భూమిలా పడుతుంది. పర్లేదాండీ?"

"కొత్తదైతే మరీ మంచిది. పాతసామాను ఎవడిక్కావాలి?"

"బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించేను. నొక్కు."

"మీరే నొక్కండి."

"ఇదుగో, నొక్కేను. వాడికి ఫోన్ కలుపు… నూకరాజూ! నేను, బావని. చూసేవా?"

"ఆయ్, చూస్తున్నానండి బావగారూ. అబ్బో, తోట కూడా ఉందే!"

"మరేమనుకున్నావ్? నిన్న వెళ్ళొచ్చేను. కాళ్ళకి మట్టి ఇంకా వదల్లేదు."

"నీళ్ళేం లేవు కదండీ అక్కడ?"

"నీళ్ళా! చెట్లకి పోద్దామంటే దొరకట్లేదు."

"భాస్కరరావుగారూ! లోపలున్నారాండీ?"

"ఎవరూ, వీఆర్వో జ్ఞానప్రకాశంగారా? రండి, రండి! కళ్యాణీ, ఆ ఫోన్ కట్టెయ్యి."

"ఆయ్."

"వీధిలో వెళ్తుంటే నా ఫోన్ మోగింది, లోపల మీ గొంతూ వినపడిందండి. మన రేవుకి ఎదురుగా కొత్త లంక తేలిందట."

"అప్పుడే మీకెలా తెలిసిందండీ?"

"కొత్త నేల కనపడగానే ఈయనకి కబురెళ్ళేలా నేనే పెట్టేనండి, మావయ్యగారూ."

"మంచిదేలే. అది నాదేనండి, జ్ఞానప్రకాశంగారూ."

"మీదెలా అవుతుందండీ? మీది ఏట్లో కలిసిపోయింది. ఇది కొత్తది. ఏట్లో కొత్తగా తేలిన లంక సర్కారుదని మీకు తెలీందేముంది? రేపు బోర్డు పాతిస్తాను."

"పాతడానికి… మీరు వెళ్ళి చూసేరాండీ?"

"ఇంత స్పష్టంగా కనపడుతుంటే వెళ్ళడం దేనికండీ? అన్నట్టు, ఆ కొబ్బరిచెట్లు ఎవరివి? మీరు వేసినవైతే ఆక్రమణ కేసు కూడా రాయాలి."

"చెట్లు లేవండి!"

"గెలలు కూడా కనపడుతున్నాయి కదండీ."

"బాబూ, చెట్లు లేవు, మట్టి లేదు! నా భూమి ఎప్పుడో పోయింది. అక్కడున్నదంతా గోదారే! పడవ కట్టిస్తాను, రండి. గెడ వేస్తే నేల అందదు. నా మాట నమ్మండి!"

"కళ్యాణిగారూ, నిజమేనాండీ?"

"నన్నడక్కండి. మావయ్యగారే చెప్పేరు కదా. నూకరాజు బాబాయ్, విన్నారా?"

"ఫోన్ కట్టెయ్యమన్నానా, లేదా!"

"విన్నానమ్మా, కళ్యాణీ. పొద్దున్న నువ్వు చెప్పినప్పుడు నిన్నే తిట్టేను, మా బావ అలాంటివాడు కాదని."