గడ్డంలోంచి గాలి

ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో లంగరేసిన పడవ మీదికి అల్లుణ్ణి తాడుతో లాగి, మొహమంతా కప్పిన మాస్కు ఊడదీశాడు మామ. నీళ్ల అడుగున, ఊరికి నీళ్లు తోడే పైపు మూతికి చుట్టుకున్న చేపల వలని అల్లుడు ఇంకా సగమే కోశాడు.

“సిలిండర్ అప్పుడే అడుగంటింది! గాలి పీల్చావా, తాగావా?”

“నేను పీల్చింది తక్కువే మావయ్యా. బుగ్గ పక్కనించి బుడబుడా పోయింది.”

“పోదా మరి? మాస్కు రబ్బరు చర్మానికి అతకాలి. నీకేమో గడ్డం అడ్డం.”

“పట్టీలు ఇంకాస్త బిగించండి.”

“బిగిస్తే పుర్రె పగులుద్ది గానీ గాలి ఆగదు. గీసుకో అల్లుడూ.”

“పెళ్లాం కడుపుతో ఉంటే గడ్డం తియ్యకూడదని అత్తయ్య ఒట్టేయించుకుంది కదండీ.”

“ఆ వల్లో కాలు ఇరుక్కుని గాలైపోతే మీ అత్తయ్యొచ్చి ఊదుద్దా?”

“ఇందాక ఇరుక్కుంది.”

“ఏంటీ?”

“కాలు. వల కోసుకుని బయటపడ్డా. ఇంకాస్త ఆలస్యమైతే గాలి చాలేది కాదు.”

మామ చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. కొత్త రేజరు బయటికొచ్చింది.

“ఇదెక్కడిది మావయ్యా?”

“పొద్దున అమ్మాయి ఇచ్చింది. నువ్వు నీళ్లలో దిగేలోపే ఎట్లాగైనా గీయించమంది.”

“దిగేలోపే అందా? మరి ఇయ్యలేదేం?”

“కడుపులో బిడ్డకి కీడని భయపడ్డా.”

అల్లుడు ముందుకు జరిగి కూర్చున్నాడు. మామ దోసిట్లో కృష్ణ నీళ్లు తీసుకుని అతని గడ్డం తడిపాడు.

“తలెత్తు.”